గెత్తం వేసిన అద్దాల తొట్టె

కడియంలో పుట్టినవాడికి మొక్కల గురించి ఒకరు చెప్పేదేముంటుందన్న నమ్మకం నాకు బాగా గట్టిగా ఉండేది. వేమగిరి నుంచి కడియపులంక, బుర్రిలంక దాకా ఎటు చూసినా నర్సరీలే. నేను లెక్కలు రాసేదీ ఒక నర్సరీలోనే. కవర్లలో మట్టి నింపడం, అంటు కట్టడం, వేరు కుళ్ళిన మొక్కని ఆకు చూసి పోల్చుకోవడం బడికి వెళ్ళకముందే వచ్చేశాయి. ఆ నమ్మకంతోనే నోరులేని చేపల్ని చంపాను.

తకాషి అమానో అనే జపాన్ ఆయన అమర్చిన చేపల తొట్టెల ఫోటోలు చూశాక ఆ ధ్యాస నన్ను వదల్లేదు. నీళ్ళ అడుగున పచ్చిక, రాళ్ళు, వాటి మధ్య చిన్న చేపల గుంపు. ఆయన 2015లో పోయారు గానీ, ఆయన చూపిన దారిలో ఇప్పటికీ లోకమంతా తొట్టెలు కడుతోంది. అలాంటిదానికి కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, ఖరీదైన లైట్లు, ప్రత్యేకంగా తయారుచేసిన మట్టి వాడతారు. నా జీతానికి అవేవీ అందవు. మట్టీ రాయీ మొక్కా మన నర్సరీలో లేనివా అనుకున్నాను. అద్దాలు కోసే అతని చేత రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున తొట్టె చేయించాను. 50 లీటర్ల పైనే నీళ్ళు పడతాయి. దాచుకున్న డబ్బులో సగం అక్కడే అయిపోయింది.

అడుగున కుండీల్లోకి కలిపే మట్టే పోశాను. ఎర్రమట్టి, గెత్తం, కొబ్బరిపొట్టు, గుప్పెడు వేపపిండి. దాని మీద, కుండీల్లో అలంకారానికి పరిచే తెల్లరాళ్ళు. వాటి మధ్య లక్కీ బాంబూ, సింగోనియం, స్పైడర్ ప్లాంట్ నాటి నిండా నీళ్ళు పోశాను. లక్కీ బాంబూ గాజు సీసాలో నీళ్ళ మీదే బతుకుతుంది కదా, తొట్టెలో ఎందుకు బతకదు అనుకున్నాను. మా నర్సరీలో మట్టి కలిపే పెద్దావిడకి చెబితే, "దానికి వేరు తడిస్తే బాగుంటదండీ, నెత్తి మునిగితే కుళ్ళిపోద్దండీ" అంది. నీళ్ళ మొక్కల సంగతి ఈవిడకేం తెలుసనుకుని ఊరుకున్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆవిడ చెప్పినట్టే ఆకులు జిగురెక్కి కుళ్ళాయి.

తొట్టె నింపిన సాయంత్రమే గప్పీలూ ఒక జత గోల్డ్‌ఫిష్‌లూ తెచ్చి వదిలాను. తెల్లారేసరికి కొబ్బరిపొట్టు పైకి తేలింది, చేపలు దాని పక్కనే నోళ్ళు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాయి. గాలి చాల్లేదేమోనని ఉన్న డబ్బుతో పంపు కొన్నాను. చచ్చినవాటిని తీసి మళ్ళీ కొత్తవి తెచ్చాను. అవీ పోయాయి. మొదటివి పోయింది నా తెలియనితనం వల్ల. రెండోసారి తెచ్చేటప్పటికి నీళ్ళలో ఏదో చెడు ఉందని నాకు లోపల తెలుసు. ఖాళీ తొట్టె చూడలేక తెచ్చాను. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ రెండోసారే.

ఏం జరిగిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. గెత్తం నీళ్ళలో కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది, అది చేప మొప్పల్ని పాడుచేస్తుంది. దాన్ని నైట్రైటుగానూ, ఆ నైట్రైటుని నైట్రేటుగానూ మార్చే బాక్టీరియా కొత్త తొట్టెలో తగినంత ఉండదు. ఇసుకనీ రాళ్ళనీ పట్టుకుని అది కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను ఒక్క పూట కూడా ఆగలేదు. ఇక ఆ తెల్లరాళ్ళు చలవరాతి ముక్కలు. నిమ్మరసం పిండి చూస్తే సన్నగా నురగ వచ్చింది. సున్నం ఉన్న రాయి నీళ్ళని మెల్లగా క్షారంవైపు తిప్పుతుంది. నీళ్ళు ఎంత క్షారంగా, ఎంత వెచ్చగా ఉంటే అమ్మోనియాలో విషపు భాగం అంత పెరుగుతుంది. అప్పుడు మే నెల. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది, 30 డిగ్రీలకొస్తే ఏడున్నరే. గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ళు కోరే చేప.

వేపపిండి సంగతి మరీ దారుణం. చెరువుల్లో పనికిరాని చేపల్ని చంపడానికి, వేపపిండిలాగే నూనె తీయగా మిగిలే ఇప్పపిండి చల్లుతారని మా వైపు చెరువు గట్టు ఎక్కినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. నాకూ తెలుసు. తెలిసి కూడా, పిండి మొక్కకి బలం అన్న ఒక్క మాటే గుర్తుంచుకుని చేపలున్న నీళ్ళకింద వేశాను.

నిజానికి తక్కువ డబ్బుతో తొట్టె పెట్టే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. పంపూ కరెంటూ లేని రోజుల్లో, 1850 ప్రాంతంలో, లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త రెండు గోల్డ్‌ఫిష్‌లనీ వాలిస్‌నేరియా అనే నాచునీ ఒకే తొట్టెలో పెంచి చూశాడు. కుళ్ళిన ఆకులతో నీళ్ళు చెడుతుంటే నత్తల్ని వదిలాడు, అవి ఆ ఆకుల్ని తిన్నాయి, నీళ్ళు తేరుకున్నాయి. 1999లో అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ రాసిన పుస్తకం చెప్పేదీ దానికి దగ్గరగానే ఉంటుంది. అడుగున అంగుళం మామూలు మట్టి, దాని మీద పలచగా సన్నరాళ్ళో ఇసుకో, మొదటిరోజు నుంచే నిండా మొక్కలు, మితంగా చేపలు.

ఆ మొక్కలు మా కాలవలోనే ఉన్నాయి. వేసవిలో కట్టేసిన కాలవకి ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలి, నాచు మళ్ళీ పుంజుకున్నాక వెళ్ళి తెచ్చుకున్నాను. హైడ్రిల్లా, వాలిస్‌నేరియా, గట్టు తడిలో పాకే బకోపా. మొదటి రెండిటికీ సిలిండరు అక్కర్లేదు, నీళ్ళలో కరిగి ఉన్న బైకార్బొనేటు నుంచే కార్బన్ తీసుకోగలవు. పొలాల పురుగుమందు భయం ఉంది కాబట్టి చాలా నీళ్ళలో కడిగి, లేత గులాబీ రంగు వచ్చేంత పర్మాంగనేటు నీళ్ళలో కాసేపు ముంచి, కొన్నాళ్ళు బకెట్లో విడిగా ఉంచాను. ఈసారి అడుగున ఎరువు తగలని ఒండ్రుమట్టి, దాని మీద కడిగిన గోదావరి ఇసుక. పైన మామూలు ఎల్ఈడీ బల్బు, రోజుకి ఏడెనిమిది గంటలు. చేపల్ని మాత్రం నాచు కొత్త చిగుళ్ళు వేశాకే తెచ్చాను. గప్పీలు పిల్లలు పెట్టాయి.

హైడ్రిల్లా ఎంత వేగంగా పెరుగుతుందంటే తరచూ కత్తిరించకపోతే బల్బు వెలుగు అడుగుకి దిగదు. 1950లలో చేపల తొట్టెల వ్యాపారంతో ఫ్లోరిడా చేరి, అక్కడి చెరువుల్నీ కాలవల్నీ పూడ్చేసింది ఇదే మొక్క. మనకిది ఇక్కడి మొక్కే. అయినా కత్తిరించినది ఎండబెట్టి ఎరువు గోతిలో వేస్తాను. గప్పీలు ఎక్కువైతే అడిగినవాళ్ళకి ఇస్తాను గానీ కాలవలో వదలను.

పెద్దావిడతో మీరు చెప్పిందే నిజమని చెప్పాను. "పోన్లెండి, వేర్లు మటుకు ఉంచి చూడండి" అంది. చూశాను. ఆకులు పైకి, వేర్లు నీళ్ళలోకి ఉండేట్టు లక్కీ బాంబూని అంచుకి కట్టాను. ఆ వేర్లు నీళ్ళలోని నైట్రేటుని పీల్చుకుంటాయి. ఇప్పుడు నర్సరీలో ఎవరైనా చేపల తొట్టెలోకని ఆ మొక్క తీసుకుంటే, బిల్లు రాసేముందే చెబుతున్నాను. ఆకులు ముంచకండి, చేపల్ని ఇవాళ కొనకండి, వచ్చే నెల కొనుక్కోండి.