చెట్టెక్కే మనిషికి ఇవ్వకూడని సలహాలు

తాటిచెట్టు మొదట్లో నిలబడి సలహాలు చెప్పేవాళ్లకు కొదవ లేదు. కల్లుకు వచ్చినవాళ్లు చెబుతారు, మండువా దగ్గరి పెద్దలు చెబుతారు, జన్మలో చెట్టెక్కని చుట్టాలూ చెబుతారు. వాటిలో కొన్ని నిండు ప్రాణాలు తీస్తాయి. గీత కార్మికులూ, వాళ్ల ఇంటివాళ్లూ ఏవి వినకూడదో తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

"తాతల నాటి నుంచి మోకు మీదే ఎక్కారు, మళ్లీ ఈ బెల్టులెందుకు?" అన్నింటికన్నా ఎక్కువగా వినిపించేది ఇదే. తాతలు ఎక్కిన మాట నిజం. పడి నడుములు విరగ్గొట్టుకున్నదీ వాళ్లే. మోకు చెట్టును పట్టి ఉంచేది మనిషి వెనక్కి వాలి దాని మీద బరువు వేసినంతసేపే. వానకు తడిసిన బోదె మీద కాలు జారి, ఒళ్లు చెట్టుకు ఆనుకుందంటే మోకు వదులైపోతుంది, మనిషితో పాటు సర్రున కిందికి వస్తుంది. మోకు పనికి అవసరమే, ఎవరూ కాదనరు. జారినప్పుడు ఆపడానికి మాత్రం రెండో తాడు కావాలి, నడుమునూ తొడలనూ కలిపి పట్టే బెల్టు కావాలి. ఉత్త నడుముకు కట్టిన పటకా మీద పడితే ఆ ఊపంతా వెన్ను మీదికే వస్తుంది.

"ఒక్క గుంజుతో ఊడిపోయే ముడి వేసుకో, ఆపద వస్తే తప్పించుకోవచ్చు." వినడానికి తెలివిగా ఉంటుంది కాబట్టే ఇది అన్నింట్లోకీ ప్రమాదం. దీని వెనకున్న భయం నిజమైనదే. తేనెటీగలు లేస్తే ఎలా? చెట్టు విరిగితే దానికి కట్టుబడి పోతానేమో? కానీ ఒక్క గుంజుతో ఊడే ముడికి గుంజింది ఎవరో తెలియదు. తాటిమట్ట అంచుల నిండా రంపపు పళ్లలాంటి కరుకు ఉంటుంది. తాడు కొస దానికి తగులుకున్నా, లొట్టి తాడు పెనవేసుకున్నా ముడి విడిపోతుంది. నొక్కితే తెరుచుకునే మామూలు కొక్కెం కూడా అంతే. రింగు మీద అడ్డంగా ఒత్తుకుంటే దానంతటదే తెరుచుకుంటుంది. అందుకే చెట్ల పనికి వాడే క్లిప్పు తెరవాలంటే ముందు తిప్పాలి, తర్వాత నొక్కాలి. అనుకోకుండా రెండూ ఒకేసారి జరగవు.

అరవై అడుగుల ఎత్తున తాడు విప్పుకున్నవాడు పోయేది ఎక్కడికి? ఆపదలో కావాల్సింది తాడు మీదే ఉండి త్వరగా దిగే దారి. మట్టలు దాటేటప్పుడు కూడా రెండో తాడు కట్టుకున్నాకే మొదటిది విప్పాలి. తేనెపట్టు, కందిరీగల తుట్టె ఉన్నాయేమో కింద నుంచే తల ఎత్తి చూసుకోవాలి.

"ఎండిన చెట్టయితే తాడు రెండు చుట్లు వెయ్యి." ఎన్ని చుట్లు వేసినా ఆ తాడు మనిషిని ఆ చెట్టుకే కడుతుంది. పిడుగు పడిందీ, మొవ్వు కుళ్లిందీ, మొదట్లో పుట్టగొడుగులు మొలిచిందీ, తడితే డొల్లగా మోగేదీ ఎక్కకూడని చెట్లు. పట్నాల్లో ఇలాంటివి కొట్టేవాళ్లు క్రేను బుట్టలో నిలబడతారు, లేదంటే పక్కనున్న గట్టి చెట్టుకు తాడు వేసుకుంటారు. ఆ రెండూ లేకుంటే కింద నుంచే మొదలు కోయాలి. బిగుసుకున్న తాడుకు గీత కత్తి అలా తగిలినా చాలు తెగిపోతుంది, ఏ చెట్టు మీదైనా ఇది గుర్తుండాలి.

"మోటారు తాడు బలమైనదేగా" అనేవాళ్లూ, "ఒక చుక్క వేసుకుంటే భయం పోతుంది" అనేవాళ్లూ ఉంటారు. వాళ్ల మాట వినకండి.

"బెల్టు ఉందిగా, ఒక్కడివే పో." ఇదీ తప్పే. బెల్టు పడకుండా ఆపుతుంది, కిందికి దించదు. స్పృహ తప్పి బెల్టులో కదలకుండా వేలాడే మనిషికి నెత్తురు కాళ్లలోకి దిగిపోతుంది, నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. 108 బండి వచ్చినా అందులో చెట్టెక్కేవాళ్లు ఉండరు. ఎక్కి దించగలిగిన మరో మనిషి పిలుపు దూరంలో ఉండాలి.

కాటమయ్య రక్షణ కవచం పేరుతో తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ఇలాంటి బెల్టు, తాళ్లు ఉన్న కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. కిట్టు అందినవాళ్లు దాన్ని అటక మీద పెట్టకండి. ముందు నాలుగడుగుల ఎత్తులో చేతులకు అలవాటు చేసుకోండి, ఎక్కే ముందు ప్రతిసారీ తాడంతా చేత్తో తడిమి చూడండి. అందనివాళ్లు గీత సొసైటీ పెద్దలను గట్టిగా అడగండి. కిట్టు చేతికి వచ్చినా, రాకున్నా అనుమానం ఉన్న చెట్టును వదిలేయండి.