బోరు మోటారు

మా కంపెనీని ఇంకో కంపెనీ కొనేసిందని ఫోన్లో చెబితే మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "పొలంతో పాటు బోరు మోటారు కూడా ఇచ్చారంటరా, విప్పుకుపోయారా?" మార్కాపురం వైపు పొలాల బేరాలు ఎకరం ధర దగ్గర కంటే మోటారు దగ్గరే ఎక్కువ చెడిపోతాయి. నేను ఈ బేరంలో మోటారునో, పైపునో, గట్టు మీది తుమ్మచెట్టునో అప్పటికి నాకే తెలియదు. "చూడాలి నాన్నా" అన్నాను. మూడు నెలలకు తెలిసింది, తుమ్మచెట్టునే అని.

ఆ మూడు నెలలూ మర్యాదలకేం లోటు చేయలేదు. మాదాపూర్ ఆఫీసులో కేకు కోశారు. మెడలో వేలాడే కార్డుకి తాడు రంగు మార్చారు. కొత్త యజమాని అమెరికా నుంచి తెర మీద కనబడి "ఏమీ మారదు" అన్నాడు. 17 ఏళ్ల ఉద్యోగాల్లో నాకు అబ్బిన జ్ఞానం ఇంతే: సర్వర్ గురించి గానీ కంపెనీ గురించి గానీ అడక్కుండానే "ఏమీ మారదు" అన్నారంటే ఆ రాత్రి మనకు నిద్ర లేనట్టే. మా దగ్గర బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది, వాళ్ల దగ్గరా ఉంది. ఒకే ఒరలో రెండు కత్తులు. నా చేత నాలుగు వారాలు ఓ కుర్రాడికి కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్) ఇప్పించారు. కేటీ అంటే, నా దినకర్మకి వంటవాళ్లను నేనే మాట్లాడి, ఏ కూరలో ఉప్పెంతో కూడా నేనే చెప్పడం.

అసలు నేను ముందే పసిగట్టాల్సింది. నాకు అన్నం పెట్టే జావాయే ఒకసారి ఇలా చేతులు మారింది కదా! 2010 జనవరిలో దాని కన్నతల్లి సన్ మైక్రోసిస్టమ్స్‌ను ఒరాకిల్ తీసేసుకుంది. సుమారు 740 కోట్ల డాలర్ల బేరం. అయినా జావా లోపల 'సన్' పేరుతో ఉన్న ప్యాకేజీలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. పీకితే, వాటిని పట్టుకు వేలాడుతున్న ప్రోగ్రాములు ఎక్కడెక్కడ కూలతాయోనని భయం. మా కోడ్‌లోనూ ప్రతి ఫైలు మొదటి లైనులో మా పాత కంపెనీ పేరే ఉంటుంది.

నన్ను పంపించేశారు. ఇక ఉద్యోగం వేట. మొదటి ఇంటర్వ్యూలో పాతికేళ్ల అబ్బాయి "ఎందుకు మారాలనుకుంటున్నారు?" అన్నాడు. "నేను మారలేదండీ, కంపెనీయే మారింది" అన్నాను. నవ్వలేదు. బైనరీ ట్రీని తలకిందులు చేయమన్నాడు. తుమ్మచెట్టుకి చెట్టుతోనే పరీక్ష. నిన్నమొన్నటిదాకా నా 90 రోజుల నోటీసు వినగానే ఫోన్ పెట్టేసిన కన్సల్టెన్సీ వాళ్లు, ఇప్పుడు రేపే చేరతానంటే "ఎందుకండీ అంత తొందర?" అని అనుమానంగా అడుగుతున్నారు.

చివరికి ఒకచోట కుదిరింది. అక్కడే అసలు కథ. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అనే సీబీఐ దిగింది. నా ఆఫర్ లెటర్ మీద కంపెనీది ఒక పేరు, పీఎఫ్ పాస్‌బుక్‌లో రెండో పేరు, ఫారం 16 మీద మూడో పేరు. కొత్త యజమానులిచ్చిన రిలీవింగ్ లెటర్ ప్రకారం నేనక్కడ పనిచేసింది మూడు నెలల పది రోజులు. మిగతా 11 ఏళ్లు నేనెక్కడున్నానో రుజువు కావాలట. పాత హెచ్‌ఆర్‌కి మెయిల్ కొడితే అలాంటి చిరునామా లేదని తిరిగొచ్చింది. ఆవిడ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఆవిడా తుమ్మచెట్టే. "నా లెటర్ మీద సంతకం పెట్టేవాళ్లు ఎవరైనా దొరికితే నాకూ చెప్పండి సర్" అంది.

సత్యం కంప్యూటర్స్‌లో చేరి కెరీర్ మొదలుపెట్టిన మా ఫ్రెండు ఓదార్చాడు. వాడి కంపెనీ 2009లో టెక్ మహీంద్రా చేతికి వెళ్లి మహీంద్రా సత్యం అయింది, 2013లో విలీనమై ఆ పేరూ పోయింది. వెరిఫికేషన్ వాళ్లు ఎప్పుడు ఫోన్ చేసినా వాడు ఈ వంశవృక్షం అప్పజెప్పాల్సిందే. "సత్యానికే సాక్ష్యం అడుగుతార్రా, నువ్వెంత?" అన్నాడు.

పోయిన గురువారం రాత్రి పదకొండింటికి పాత ఆఫీసు నుంచి ఫోన్. బిల్లింగ్ ఆగిపోయిందట. ఏం ముట్టుకున్నారు బాబూ అంటే, "ఏమీ లేదండీ, ఫైళ్లలో పాత కంపెనీ పేరు తీసేసి మన పేరు పెట్టాం, అంతే."

"కేటీ తీసుకున్న కుర్రాడున్నాడుగా?"

"వాడు మానేశాడండీ."

మా నాన్నకు చెబితే ఆయన గొంతులో మూడు నెలల తర్వాత మొదటిసారి ఉత్సాహం వినబడింది. "అయితే నువ్వు మోటారువేరా!"

వాళ్లను నేను డబ్బేమీ అడగలేదు. నేను 11 ఏళ్లు పనిచేశానని లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం పెట్టి పంపమన్నాను, పంపగానే ఏ ఫైలో చెబుతానన్నాను. లీగల్ వాళ్లను కనుక్కుని చెబుతామన్నారు.

లెటర్ ఇంకా రాలేదు. బిల్లులూ ఇంకా వెళ్లలేదు.