నిషికి అంగడి సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: నడచుచుఁ దినరాదు, కొన్నచోటనే తినవలెను.

అవతారిక: జపాన్‌లోని క్యోటోలో, షిజో వీధికి ఉత్తరాన, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల కప్పు కింద సుమారు 390 మీటర్ల పొడవున సాగే సన్నటి సందు నిషికి అంగడి. వంద దాటిన కొట్లు. ‘క్యోటో వంటిల్లు’ అని బిరుదు. అక్కడి వర్తకులు యాత్రికులకు చేసుకునే విన్నపం సారమే పై సూత్రం. చూపుకు బడిపిల్లల మర్యాదపాఠంలా ఉన్నా, ఇందులో అంగడి ప్రాణం దాగి ఉందని నిరూపించడం ఈ వ్యాఖ్యకు ప్రయోజనం.

ప్రతిపదార్థం: నడచుచున్ = ఒక చేత ఫోను, ఒక చేత తిండి గుచ్చిన పుల్ల పట్టి, ముందువాడి వీపు తప్ప మరేమీ కానక; తినన్ రాదు = తలలో కౌజుపిట్ట గుడ్డు కూరిన చిట్టి ఆక్టోపస్ ఎంత ఊరించినా నోట పెట్టరాదు; కొన్నచోటనే = డబ్బిచ్చిన కొట్టు దగ్గరే, పొరుగు కొట్టు ముంగిట కాదు; తినవలెను = నిలిచి, నమిలి, పుల్లను అక్కడి బుట్టలో వేసి కదలవలెను.

తాత్పర్యం: రుచి చూడవచ్చినవాడా, వండుకోవడానికి కొనేవారికి దారి విడువుము.

విశేషం: ఈ అంగడి తినుబండారాల సంతగా పుట్టలేదు. చల్లటి భూగర్భజలం చేపను చెడకుండా కాచేది కనుక ఇక్కడ చేపల వ్యాపారం కుదురుకుంది. 1615లో దానికి అధికారిక అనుమతి దొరికింది. 1716లో ఇక్కడి కూరగాయల టోకు వర్తకుల ఇంట పుట్టిన చిత్రకారుడు ఇతో జాకుచూ, 1770లలో పోటీ అంగడి వల్ల నిషికికి మూత పడబోతే, ఏళ్లపాటు వ్యవహారం నడిపి నిలబెట్టాడు. బుద్ధుడి స్థానంలో ముల్లంగిని పడుకోబెట్టి, చుట్టూ కూరగాయలను శోకింపజేసి మహాపరినిర్వాణం చిత్రించినవాడూ ఆయనే. సరుకుకు అంతటి గౌరవం దక్కిన చోట దాన్ని దారినపోతూ మింగడం అపచారమేనని ఇందువల్ల తెలుస్తోంది.

పూర్వపక్షం: విశాఖ బీచిలో నడుస్తూ ముంత కింద పప్పు తినడం దోషం కానప్పుడు ఇక్కడెలా దోషం? సమాధానం: బీచికి వెడల్పుంది. ఈ సందు చాలాచోట్ల నాలుగైదు మీటర్లకు మించదు. ఇరువైపులా సరుకు పరిచే ఉంటుంది. కారిన పాకం ఎదుటివారి కిమోనో మీదో, పక్క కొట్టు ఊరగాయ మీదో పడక తప్పదు. మరొక ఆక్షేపం: ఇప్పుడు గల్లాపెట్టె నింపేది యాత్రికులే కదా, వారికే ఆంక్షలా? ఇది బలమైన వాదమే, కానీ సూత్రం తిండిని నిషేధించలేదు, నడకను మాత్రమే ఆపింది, అమ్మకం పోదు. పైగా మిసో అనే సోయా ముద్ద కోసం, ఎండుచేప కోసం సంచి పట్టుకొచ్చే ఊరివారు ఈ రద్దీకి జడిసి మానేస్తే, మిగిలేది వంటిల్లు కాదు, వంటింటి ప్రదర్శన. అది చూడటానికి యాత్రికుడైనా ఎన్నాళ్లు వస్తాడు? కనుక సూత్రం యాత్రికుడి మేలుకే.

సిద్ధాంతం: క్యోటో వెళ్లే పాఠకుడు పుల్ల అక్కడే పారేసి, ఒక ఊరగాయ పొట్లం కూడా కొని సంచిలో వేసుకోవాలి. ఇంటికి సరుకు మోసుకొచ్చినవాడికే అంగడికి వెళ్లానని చెప్పుకునే అర్హత.