యాభై టీఎంసీల బావ

సముద్రాన్ని మొదటిసారి చూసి మా బావ అన్న మాట: "పెద్దగనే ఉన్నది. ఎన్ని టీఎంసీలుంటదిరా?"

విశాఖపట్నం ఆర్కే బీచ్, పొద్దున ఏడున్నర. రాత్రంతా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కన్ను మూతపడలేదు. నలుగురు పిల్లల చెప్పులూ నా చేతుల్లోనే ఉన్నాయి. ఆ స్థితిలో ఎవరైనా "అబ్బ" అంటారు, లేదా చాయ్ ఎక్కడ అంటారు. బావ మాత్రం నడుం మీద చేతులు వేసుకుని, కట్ట మీద నిలబడ్డ ఇంజనీరు లాగా నీళ్లను అంచనా కడుతున్నాడు.

మా తొగుటలో ఇలాంటివాళ్లు వీధికొకరు ఉన్నారు. 2022 ఫిబ్రవరిలో మల్లన్నసాగర్ జలాశయాన్ని ప్రారంభించిన నాటినుంచి మా మండలానికి సొంతంగా ఒక కొలత దొరికింది. 50 టీఎంసీలు. వాన పడితే ఎన్ని టీఎంసీలు, పక్కింటాయన తాగితే ఎన్ని టీఎంసీలు. బావ ఇందులో అందరికంటే ముదిరాడు. ఒకసారి పెళ్లిలో పప్పుచారు గంగాళం చూసి కూడా లెక్క వేశాడు.

ఈ యాత్ర పథకం ఆయనదే. "కనుమ తెల్లారి పోదాం. పండుగకు పోయిన జనమంతా అటునుంచి ఇటొస్తరు, మనం ఇటునుంచి అటు పోతం. రైలు ఖాళీ" అన్నాడు. నిజంగానే టికెట్లు దొరికాయి. మేమూ అటునుంచి ఇటు రావలసినవాళ్లమే కదా అన్న సంగతి ఎవరికీ తట్టలేదు. తిరుగు టికెట్లు వెయిటింగ్ లిస్టులో పడ్డాయి. "వచ్చేటప్పటి ముచ్చట వచ్చేటప్పుడు చూసుకుందాం తీ" అన్నాడు.

ఇక సామాను. అక్క పండుగకు చేసిన సకినాలు ఒక డబ్బా, సర్వపిండి, చింతకాయ తొక్కు సరే. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఎందుకు బావా అంటే, "అక్కడన్ని ఉప్పునీళ్లేనాయె, పోరగాండ్లు ఏం తాగుతరు?" అని కసిరాడు. విశాఖపట్నంలో లక్షలమంది ఏదో ఒకటి తాగుతూనే ఉంటారని చెప్పబోయి, అక్క మొహం చూసి ఊరుకున్నాను. ఆ క్యాన్ మోసింది కూడా నేనే. బామ్మర్ది ఉన్నది అందుకే.

సిద్దిపేటకు 2023 అక్టోబర్‌లో రైలు వచ్చింది. బావ దాన్ని కొత్తల్లుడిలా చూసుకుంటాడు. సాయంత్రం సికింద్రాబాద్‌లో ఎక్కాల్సిన బండి కోసం పొద్దున్నే సిద్దిపేటలో రైలెక్కించాడు. "మనకు రైలున్నప్పుడు బస్సెందుకు?" మధ్యాహ్నమంతా ప్లాట్‌ఫారం మీద చాప పరుచుకుని సకినాలు నములుతూ గడిపాం. పిల్లలకు అదే టూరు అనిపించిందేమో, నాలుగేళ్ల మా చిన్నది "ఇంగ ఇంటికి పోదామా?" అని అడిగింది.

పిల్లల్ని లెక్కపెట్టడం బావకు శ్వాస తీసుకోవడం లాంటిది. పది నిమిషాలకోసారి "ఒకటి, రెండు, మూడు, నాలుగు". బీచ్‌లో ఒకసారి ఆగి, మళ్లీ లెక్కపెట్టి, తెల్లబోయి "మూడే ఉన్నరేందిరా!" అని అరిచాడు. నాలుగోది ఆయన భుజాల మీద కూర్చుని ఆయన జుట్టే పట్టుకుని ఉంది. పరమానందయ్య శిష్యులు ఏరు దాటాక తమను తాము వదిలేసి లెక్కపెట్టుకున్నారు. మావాడు వాళ్లకంటే ఒక మెట్టు పైన.

"నీళ్లల్ల దిగద్దు" అన్నది మొదటి ఆజ్ఞ. ఏడువందల కిలోమీటర్లు వచ్చింది నీళ్లలో దిగకుండా ఉండటానికి! అక్క చున్నీ తీసి ఇద్దరు చిన్నోళ్ల నడుములకు కట్టి, కొస తన మణికట్టుకు చుట్టుకున్నాడు. సంతకు మేకల్ని తోలుకొచ్చినట్టు ఉంది.

కురుసుర జలాంతర్గామి దగ్గర కాసేపు మనిషి మెత్తబడ్డాడు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, ఇప్పుడు ఇసుక ఒడ్డున మ్యూజియంగా కూర్చున్న 91 మీటర్ల ఇనుప తిమింగలం అది. లోపలి ఇరుకు పడకలు చూసి "పాపం, ఎట్ల పండిండ్రో" అన్నాడు. బయటికొచ్చాక మామూలే. "మనకాడ ఇడిచినా మునుగుతది, లోతు సరిపోతది."

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు. గాలీ సముద్రమూ వేల ఏళ్లు కూర్చుని పేర్చిన ఇసుక అది, జాతీయ భూవారసత్వ స్థలం. బావ గుప్పెడు తీసి నలిపి చూశాడు. "చెల్క. పత్తి పెట్టొచ్చు." గోస్తని సముద్రంలో కలిసేచోట ఇంకో పాఠం. "మన కూడవెల్లి వాగు నర్మాల కాడ మానేరుల కలుస్తది. మానేరు గోదాట్ల, గోదారి గీ సముద్రంల. అంటె గిండ్ల మనయి సుత ఉన్నయి." ఇంకో రెండు నిమిషాలు ఆగితే వాటా అడిగేవాడు.

ఆ రాత్రి లాడ్జిలో అందరూ నిద్రపోయాక నేను దుప్పటి ముసుగేసుకుని ఫోన్‌లో చేసిన పని చెప్పకపోతే దొంగతనమవుతుంది. బంగాళాఖాతం వైశాల్యం ఇరవై లక్షల చదరపు కిలోమీటర్ల పైమాట. సగటు లోతు దాదాపు 2,600 మీటర్లు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. గుణించి, భాగించి, రెండుసార్లు సరిచూసుకున్నాను. తక్కువలో తక్కువ 18 కోట్ల టీఎంసీలు. ముప్పై ఆరు లక్షల మల్లన్నసాగర్లు. పొద్దున పళ్లు తోముకుంటుంటే చెప్పాను.

బావ నురగ ఉమ్మి, "అయితే ఏంది? తాగొస్తయా? పొలం పారుతదా? మన 50 నయం" అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది. అక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి లోపలికి వెళ్లిపోయింది.

చివరి సాయంత్రం రుషికొండలో పిల్లలు తిరగబడ్డారు. కైలాసగిరి వద్దు, ఏదీ వద్దు, ఇసుకే కావాలి. చున్నీ విప్పక తప్పలేదు. గొయ్యి తవ్వారు, చుట్టూ కట్ట పోశారు. ఐదు నిమిషాలు బావ దూరం నుంచి ఓర్చుకున్నాడు. తర్వాత ప్యాంటు మడిచి వచ్చి "గట్ల కాదు, తూము గీడుండాలె, మత్తడి గీడుండాలె" అని మోకాళ్ల మీద కూర్చున్నాడు. మా చిన్నది ఏరుకొచ్చిన గవ్వల్ని గొయ్యి అడుగున వరసగా పేర్చింది.

"అవేందే?"

"ఇండ్లు. నీళ్ల కింద ఊరుంటది గద మామా."

వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్. మా పిల్లలు పుట్టి పెరిగింది ఆ పేర్లు వింటూనే. బావ వాళ్ల పాత ఇల్లు, వేపచెట్టు, ఆయన ఈత నేర్చుకున్న మోటబావి ఆ యాభై టీఎంసీల అడుగునే ఉన్నాయి. ఎక్కడికెళ్లినా ఆ లెక్క ఎందుకు తీస్తాడో తెలిసి కూడా నేను నవ్వుతుంటాను.

పెద్దోడు సీసాతో నీళ్లు తెచ్చి పోయబోయాడు. "ఆగురా" అన్నాడు బావ. గవ్వల్ని ఒక్కొక్కటే తీసి, ఎగువన పొడి ఇసుకలో పెట్టసాగాడు. "ఒకటి, రెండు..." మధ్యలో లెక్క తప్పింది. మళ్లీ మొదటినుంచి. "పదకొండా, పన్నెండా?" అని నన్నడుగుతుండగా పెద్ద అల ఒకటి వచ్చి కట్టనూ తూమునూ మత్తడినీ ఒక్క ఊపులో తుడిచి, పిల్లలకు నీళ్లు తగలద్దన్న మనిషిని మెడ దాకా ముంచింది.

జేబులో అందరి రైలు టికెట్లు ఉన్నాయి. వెయిటింగ్ లిస్టువే.