పదిలక్షలకు రెండు మాఫీ

తెర మీద ఒక చుక్క చచ్చిపోయి ఉంటే అది లోపం కాదు. రెండు చుక్కలైనా కాకపోవచ్చు. ఎన్ని చస్తే లోపమవుతుందో చెప్పడానికి మానిటర్ కంపెనీల దగ్గర ఒక పట్టిక ఉంటుంది. దాని పేరు పిక్సెల్ పాలసీ. జీవిత బీమా పాలసీలో చచ్చాక డబ్బులిస్తారు. ఇందులో మాత్రం చచ్చినవాళ్లు చాలినంతమంది లేరని చెప్పి వెనక్కి పంపుతారు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, ఆన్‌లైన్‌లోనో ముప్పై వేలు పోసి 27 అంగుళాల 4కె మానిటర్ తెచ్చుకున్న మనిషిని ఊహించుకోండి. పెట్టె మీద 3840×2160 అని బోర్డంత అక్షరాలతో ఉంటుంది. గుణిస్తే 82,94,400 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు సబ్‌పిక్సెళ్లు. అంటే దాదాపు రెండున్నర కోట్లు, ప్రతిదానికీ దాన్ని నడిపించే సొంత ట్రాన్సిస్టర్. ఇంటికొచ్చి తెల్లటి పేజీ ఒకటి తెరిచాడు. నడిమధ్యలో ఆవగింజలో పదోవంతు కూడా లేని నల్లచుక్క. దుమ్మేమో అని ఊదాడు. గుడ్డతో తుడిచాడు. పేజీని కిందికి జరిపితే అక్షరాలు కదిలాయి గానీ చుక్క కదల్లేదు. ఆ క్షణం నుంచి మిగతా 82,94,399 పిక్సెళ్లు అతనికి కనపడటం మానేశాయి.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తాడు. "స్క్రీన్‌షాట్ పంపండి సార్" అంటారు. ఈ మాట మొదట అన్నవారికి సన్మానం చేయాలి. స్క్రీన్‌షాట్‌లో ఉండేది కంప్యూటర్ తెరకు పంపిన బొమ్మ. ఆ బొమ్మను తెర ఎలా చూపించిందో పాపం కంప్యూటర్‌కు తెలియదు. కాబట్టి తెర మీద చచ్చిన పిక్సెల్ స్క్రీన్‌షాట్‌లో నిక్షేపంగా బతికే ఉంటుంది. పంపితే "మాకేం కనపడట్లేదు సార్" అని జవాబు. నిజమే, అవతలి వ్యక్తి తెర మీద కూడా అదే చోట ఒక చుక్క చచ్చి ఉంటే తప్ప ఆయనకు కనపడే దారి లేదు. ఆ తర్వాత సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి పంపాలి. గీతలు, అలలు, తీసినవాడి నీడ అన్నీ పడతాయి, చుక్క తప్ప. అదీ దాటితే అసలు ప్రశ్న వస్తుంది.

"ఎన్ని ఉన్నాయి సార్?"

"ఒకటి."

"ఒకటేనా?"

ఆ గొంతులోని జాలి మన మీద కాదు, అంకె మీద.

ఈ లెక్కలకు శాస్త్రప్రమాణం ఉందని కంపెనీలు చెబుతాయి. ఉంది. ఐఎస్ఓ 13406-2 పేరుతో 2001లో వచ్చింది. తెరలను నాలుగు తరగతులు చేసి, చుక్కల జబ్బులను మూడు రకాలుగా విడగొట్టింది. ఎప్పుడూ తెల్లగా వెలుగుతూ ఉండేది ఒకటి, ఎప్పుడూ నల్లగా ఉండేది రెండోది, మూడో రకం ఏదో ఒక సబ్‌పిక్సెల్ మొండికేసినది. మొదటి తరగతి తెరలో మూడూ సున్నాలే. రెండో తరగతిలో ప్రతి పది లక్షల పిక్సెళ్లకు రెండు తెల్లవి, రెండు నల్లవి, ఐదు మొండివి ఉండవచ్చు. నాలుగో తరగతికి వస్తే యాభై, నూటయాభై, ఐదువందలు. మన 4కె తెర నాలుగో తరగతిదైతే 414 తెల్లచుక్కలు నిత్యం వెలుగుతూ ఉన్నా శాస్త్రసమ్మతమే. కార్తీక పౌర్ణమికి విడిగా దీపాలక్కర్లేదు.

మామూలు మానిటర్లను చాలా కంపెనీలు రెండో తరగతిలో కూర్చోబెట్టాయి. "మా చేతుల్లో ఏముంది, అంతర్జాతీయ ప్రమాణం" అని చేతులు చూపిస్తాయి. ఆ ప్రమాణం ఏ తరగతిలో ఏముండవచ్చో చెప్పింది గానీ ఏ తరగతిలో కూర్చోవాలో ఎవరినీ బలవంతపెట్టలేదు. మొదటి తరగతి ఖాళీగానే ఉంది. టికెట్ ఖరీదని కంపెనీ ఎక్కలేదు.

2001లో ఈ వాదనకు కొంత బలం ఉండేదని ఒప్పుకోవాలి. అప్పటి 15 అంగుళాల తెరలో 1024×768, అంటే 7,86,432 పిక్సెళ్లు. పెద్ద గాజుపలక మీద లక్షల ట్రాన్సిస్టర్లు పరిచేటప్పుడు దుమ్ముకణం ఒక్కటి పడితే అక్కడ ఒక చుక్క పోయినట్టే. చుక్క పోయిన ప్రతి ప్యానెల్‌నూ పారేస్తే మిగిలినవాటి ధర మనకు అందేది కాదు. కాబట్టి ఒకటో రెండో చూసీచూడనట్టు పోనిమ్మన్నారు. 2008లో ఐఎస్ఓ 9241 వరుసలోని కొత్త ప్రమాణాలు దాని స్థానంలోకి వచ్చాయి. తెరలు పెరిగాయి, ధరలు తగ్గాయి, కర్మాగారాలు ఆరితేరాయి. పదిలక్షలకు ఇన్ని అనే మాఫీ మాత్రం అలాగే ఉంది.

నాకు బాగా నచ్చింది ఆ పదిలక్షల లెక్కే. ఫుల్ హెచ్‌డీ తెరలో 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి కాబట్టి రెండో తరగతి కింద నాలుగు తెల్లచుక్కలు మాఫీ. డబ్బు ఎక్కువపెట్టి 4కె కొంటే పదహారు. నల్లవి ఇంకో పదహారు, మొండివి నలభై ఒకటి. మొత్తం డెబ్బైమూడు. ఎక్కువ డబ్బిస్తే ఎక్కువ లోపాలు కొనుక్కునే హక్కు దొరికే సరుకు బజారులో ఇంకొకటి నాకు తట్టలేదు. 4కె తెరలో చుక్క సైజు నాలుగోవంతే కదా అని కంపెనీ ఇంజనీరు అంటారు. అవును. ఒక దోమ సన్నబడిందని పదహారు దోమలను తోలితే ఏ ఇంటాయనా థాంక్స్ చెప్పడు. అన్ని కంపెనీలూ ఈ లెక్కను ఇంతదాకా లాగవు, చాలావాటికి సొంత పట్టికలున్నాయి, కొన్ని గట్టివే. కానీ పట్టిక ఎవరిదైనా దాన్ని రాసింది అమ్మేవాళ్లే.

కొన్ని పట్టికల్లో వాస్తు కూడా ఉంది. రెండు చుక్కల మధ్య ఎన్ని మిల్లీమీటర్లుండాలి, పక్కపక్కన ఎన్ని కలిస్తే దోషం, నడిభాగంలో ఉంటే ఒక ఫలం, అంచున ఉంటే ఇంకో ఫలం. కొనుక్కున్నవాడు స్కేలు పట్టుకుని తెర ముందు కూర్చుని కొలుస్తాడు. దూరం మిల్లీమీటరు ఎక్కువ వచ్చిందా, దోషం లేదు, గృహప్రవేశం చేసుకోవచ్చు. ఈశాన్యంలో చుక్క పోతే ఏమిటన్నది మాత్రం రాయలేదు. తర్వాతి ముద్రణలో చేరుస్తారేమో.

మాన్యువల్ చివరి పేజీల్లో తరచూ కనిపించే ఇంకో ముచ్చట: అత్యంత సూక్ష్మ సాంకేతికతతో చేసిన ఈ తెరలో 99.99 శాతం పిక్సెళ్లు చక్కగా పనిచేస్తాయట. నూటికి తొంభైతొమ్మిది పాయింట్ తొంభైతొమ్మిది అంటే ర్యాంకు వచ్చిన పిల్లాడి మార్కుల్లా ఉంటుంది. మిగిలిన 0.01 శాతం మన 4కె తెరలో 829 పిక్సెళ్లు. చెప్పిన తీరును బట్టి ఒకే అంకె గొప్పా అవుతుంది, సాకూ అవుతుంది.

ఇంతకీ లోపంలేని తెర చేయడం అసాధ్యమా? డెల్ తన అల్ట్రాషార్ప్ మానిటర్లకు ఒక్క వెలిగే చుక్క ఉన్నా ప్యానెల్ మార్చి ఇస్తానంటుంది. ఐజో తన కలర్‌ఎడ్జ్ తెరలకు వెలిగే సబ్‌పిక్సెల్ ఒక్కటీ ఉండదని ఆరు నెలల హామీ ఇస్తుంది. అంటే అసాధ్యం కాదు, ఖరీదు. ఈ రెండు హామీలూ వెలిగే చుక్కకే సుమా, ఆరిపోయినదానికి పాత పట్టికే దిక్కు. 2011, 2012 ప్రాంతంలో కొరియా నుంచి ఈబే ద్వారా 27 అంగుళాల చవక మానిటర్లు వెల్లువెత్తాయి. ఎల్‌జీ ప్యానెళ్లు, ఊరూపేరూ తెలియని కంపెనీల చట్రాలు. అవే మానిటర్లను "పర్ఫెక్ట్ పిక్సెల్" అని రాసి అదనంగా డబ్బు తీసుకుని కూడా అమ్మారు. నాకు వాళ్లే నిజాయితీపరులనిపిస్తారు. చుక్క లేకపోవడానికి రేటెంతో మొహం మీద చెప్పారు.

చుక్క పోయినవాళ్లకు గృహవైద్యం కూడా ఉంది. రంగులు టపటపా మారే వీడియో గంటలకొద్దీ ఆడించడం, మెత్తటి గుడ్డ చుట్టి మెల్లగా నొక్కడం. మొండికేసిన సబ్‌పిక్సెల్ ఒక్కోసారి దారికొస్తుంది. ట్రాన్సిస్టరే చచ్చినది ఏ వీడియోకీ లేవదు.

చట్టం మాటేమిటంటారా? 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో లోపం అంటే నాణ్యతలో తప్పు, అసంపూర్ణత, కొరత. చట్టం కోరినదానికో, ఒప్పందంలో ఉన్నదానికో, అమ్మేవాడు చెప్పుకున్నదానికో తగ్గితే చాలు. పదిలక్షలకు రెండు వదిలేయాలని అందులో ఎక్కడా లేదు. కాకపోతే ఒప్పందం అన్న మాట దగ్గరే కంపెనీ కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. పాలసీ మా వెబ్‌సైట్‌లో ఉంది, కొన్నారంటే ఒప్పుకున్నట్టే అంటుంది. ఎనభై రెండు లక్షల పిక్సెళ్ల గొప్ప పెట్టె మీదా, మాఫీ పట్టిక ఇంకెక్కడో మూలనా. ఐదు లక్షల లోపు సరుకు గురించి జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. అయినా ఒక చుక్క కోసం సెలవు పెట్టి వాయిదాలకు తిరిగేవారెందరు? ఆ లెక్క కంపెనీకి పిక్సెళ్ల లెక్క కంటే బాగా వచ్చు.

అందుకని మనమూ ఒక రూపాయి పాలసీ రాసుకోవచ్చనిపిస్తుంది. నోట్ల చలామణీలో చిన్నచిన్న కొరతలు సహజం, ప్రతి పదిలక్షల రూపాయలకు రెండు రూపాయల వరకు తగ్గితే అది ఎగవేత కాదు, రెండో తరగతి చెల్లింపు. వాళ్ల రేటుకే వేశాను. ముప్పై వేల మానిటర్ మీద మనకొచ్చే మాఫీ సరిగ్గా ఆరు పైసలు. ఈ నెల వాయిదా కట్టే రోజు ఖాతాలో ఆ ఆరు పైసలు తక్కువ ఉంచి చూడండి. బౌన్స్ ఛార్జీ మెసేజ్ వచ్చేముందు ఎవరూ స్క్రీన్‌షాట్ అడగరు.