నిందితుడు: శుక్రుడు

అమెరికా వైమానిక దళం దస్త్రాల్లో పదేపదే తగిలే పాత నేరస్థుడొకడున్నాడు. పేరు శుక్రుడు, వృత్తి గ్రహం, నివాసం సూర్యుడి పక్క వీధి. తెల్లారగట్ల పొలానికి బయల్దేరిన రైతు ఆకాశంలో వింత వెలుగు చూసినా, రాత్రి గస్తీ తిరిగే పోలీసు చూసినా నేరం ఇతగాడి నెత్తినే. అప్పీలుకు రాలేడు కదా.

1948 జనవరి 7న కెంటకీలో కెప్టెన్ థామస్ మాంటెల్ అనే పాతికేళ్ల పైలట్, పైన ఏదో మెరుస్తోందని కింది నుంచి చెబితే ఎఫ్-51 విమానంలో దాని వెంటపడ్డాడు. ఆక్సిజన్ లేకుండా పైపైకి పోయాడు, విమానం కూలింది, ప్రాణం పోయింది. అతను తరిమింది శుక్రుణ్ణే అని తేల్చారు. మధ్యాహ్నపు ఎండలో! పట్టపగలు శుక్రుడు కంట పడాలంటే ఎక్కడ చూడాలో ముందే తెలిసుండాలి. ఆ ముక్క తీరిగ్గా గుర్తొచ్చాక, నౌకాదళం గుట్టుగా ఎగరేస్తున్న స్కైహుక్ బెలూన్ అయ్యుంటుందన్నారు. ఎగరేసిందీ అమెరికా సైన్యమే, వెంటపడి పోయినవాడూ ఆ సైన్యంవాడే. మధ్యలో ఇరుక్కున్నది పాపం గ్రహం.

ఆకాశంలో కనబడే ఇలాంటి వింతల గురించి వైమానిక దళంలో విచారణ మీద విచారణ జరిగింది, కాదనలేం. 1948లో ప్రాజెక్ట్ సైన్, మరుసటేడు గ్రడ్జ్, 1952లో బ్లూ బుక్. కార్యాలయం ఒహాయోలోని రైట్-ప్యాటర్సన్ స్థావరంలో. ఆ ఏడాది జులైలోనే వాషింగ్టన్ రాడార్ల మీద గుర్తుతెలియని చుక్కలు తిరిగాయి, యుద్ధ విమానాలు లేచాయి, పత్రికలు గోల పెట్టాయి. జులై 29న వైమానిక దళ జనరల్ శాంఫర్డ్ విలేకరులను కూచోబెట్టి, గాలిపొరల్లో వేడి తారుమారైతే రాడార్‌కు అలా భ్రమ కలుగుతుందని సముదాయించాడు. 1953 జనవరిలో సీఐఏ పెద్ద పెద్ద శాస్త్రవేత్తల్ని పోగేసింది. నాలుగైదు రోజుల్లో వాళ్లు తేల్చిన ముప్పు ఆకాశంలో లేదు, జనంలో ఉంది. వీళ్ల ఫిర్యాదుల రద్దీలో అసలు రష్యా దాడి కబురు చిక్కుకుపోతుందట. అంచేత జనానికి ఈ ఆసక్తి వదిలించాలి, కావాలంటే డిస్నీ కంపెనీ సాయం తీసుకోవచ్చు, ఈ విషయం మీద సంఘాలు పెట్టుకున్నవాళ్ల మీద ఓ కన్నేసి ఉంచాలి అన్నారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది 1954 నాటి వైమానిక దళ నిబంధన. కనబడింది మామూలు వస్తువేనని తేలితే పత్రికలకు చెప్పొచ్చు. తేలకపోతే నోరు మెదపకూడదు. ఆ నిబంధన తర్వాతి కూర్పుల్లో గుర్తుపట్టలేనివాటి శాతాన్ని కనిష్ఠానికి తగ్గించాలని కూడా చేర్చారు. గుర్తుపట్టమని కాదు సుమా, శాతం తగ్గించమని! వంద శాతం ఉత్తీర్ణత కోసం ఫెయిలయ్యే పిల్లల్ని పరీక్షకే పంపని హెడ్మాస్టర్లను చూసినవాళ్లకు ఈ విద్య కొత్తేం కాదు.

శాతం తగ్గించే పనిలో బ్లూ బుక్ ఆస్థాన ఖగోళవేత్త అలెన్ హైనెక్ 1966లో మిషిగన్‌కు వెళ్లాడు. అక్కడ చాలామంది చూసిన వెలుగుల్లో కొన్ని, చిత్తడిలో కుళ్లిన చెత్త నుంచి పుట్టిన వాయువు కావచ్చన్నాడు. దేశమంతా పగలబడి నవ్వింది. తన రాష్ట్రం వాళ్లను వెర్రివాళ్లను చేశారని మిషిగన్ కాంగ్రెస్ సభ్యుడు జెరాల్డ్ ఫోర్డ్ విచారణ కోరాడు. దాంతో కొలరాడో విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కాండన్ ఆధ్వర్యంలో ‘నిష్పాక్షిక’ అధ్యయనం మొదలైంది. పని ఒప్పుకోకముందే అక్కడి అధికారి ఒకాయన లోపల ఓ చీటీ రాసుకున్నాడు: జనానికి పూర్తి నిష్పాక్షికంగా కనబడాలి, తోటి శాస్త్రవేత్తలకు మాత్రం మనకేమీ దొరుకుతుందన్న ఆశ లేదని అర్థం కావాలి. ఆ చీటీ బయటపడింది. అయినా నివేదిక వచ్చింది, దాని బలంతో 1969 డిసెంబరులో బ్లూ బుక్‌కు తాళం పడింది. మొత్తం కేసులు 12,618. ఎంత తోమినా లొంగనివి 701.

ఆ 701లో గ్రహాంతరవాసులున్నారని నేననుకోను. రెండు కాళ్ల మీద నిలబడే రుజువు ఒక్కటీ రాలేదు. కానీ లొంగినవాటి కథ వేరే ఉంది. 1955 నుంచి సీఐఏ యూ-2 గూఢచారి విమానాలు 60,000 అడుగులకు పైన ఎగిరాయి. మామూలు విమానాలు అందులో మూడో వంతు ఎత్తు కూడా దాటని రోజులు. కింద పొద్దుగూకాక కూడా పైన వెండి రెక్కలు సూర్యుడి కాంతికి భగ్గుమనేవి. అది చూసిన పైలట్లు ఉత్తరాలు రాసేవారు. బ్లూ బుక్ సిబ్బంది సీఐఏకు ఫోన్ చేసి, ఆ పూట యూ-2 ఎగిరిందని రూఢి చేసుకుని, ఫిర్యాదీకి మాత్రం మంచు పలుకులనో వేడిగాలి పొరలనో జవాబు రాసేవారు. 1950ల చివరి నుంచి 60ల దాకా వచ్చిన ఫిర్యాదుల్లో సగానికి పైగా ఈ గూఢచారి విమానాలేనని 1997లో సీఐఏ పత్రికలోనే ఓ చరిత్రకారుడు రాశాడు. ఆ ‘సగం’ కొంచెం గొప్పకు చెప్పుకున్నదేమో. అబద్ధం అలవాటైన ఇంట్లో ఒప్పుకోలునూ తూచే తీసుకోవాలి. ఏదైతేనేం, సరిగ్గా చూసినవాడి కళ్లను అనుమానించారు, ఆ అనుమానంలోంచే ఎగిరే పళ్లేల భక్తుల మతం ఒకటి పుట్టించారు. ఇప్పుడు తాము ఏం చెప్పినా ఆ భక్తులు నమ్మరని మళ్లీ అధికారులే వాపోతారు.

న్యూ మెక్సికోలోని రోజ్‌వెల్ సంగతీ అంతే. 1947 జులైలో సైన్యమే ఎగిరే పళ్లెం దొరికిందని ప్రకటించి, గంటల్లో వాతావరణ బెలూన్ అని నాలిక మడతేసింది. రష్యా అణు పరీక్షల చప్పుడు వినడానికి ఎగరేసిన మొగల్ ప్రాజెక్టు బెలూన్ అని వైమానిక దళం చెప్పడానికి 1994 దాకా పట్టింది. మరి అక్కడ జనం చూశామంటున్న గ్రహాంతరవాసుల శవాలో? 1997లో దానికీ ఓ నివేదిక వచ్చింది: అవి పారాచూట్ పరీక్షల కోసం పైనుంచి పడేసిన డమ్మీలట. ఆ పరీక్షలు జరిగింది 1950లలో కదా అని విలేకరులు అడిగితే, సాక్షుల జ్ఞాపకంలో కాలం కుదించుకుపోయి ఉంటుందన్నారు. ఆ నివేదిక పేరు ‘కేస్ క్లోజ్డ్’.