నా ఒంటికి కొత్త రంగు

నేను ఫైబర్ బోటుని. ఊరు ఉప్పాడ. జాందానీ చీరలకు పేరుమోసిన ఉప్పాడే, కాకపోతే నేనుండేది మగ్గాల వైపు కాదు, కెరటాల వైపు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ కోస్తా పొడుగునా తెప్పల్నీ నావల్నీ వలల్నీ తుడిచిపెట్టాక, మత్స్యకారుల చేతికి మళ్లీ వేట అందించాలని చాలాచోట్ల షెడ్లు వేసి మాలాంటివాళ్లని వరసపెట్టి తయారుచేశారు. ఆ వరసలో పుట్టినదాన్ని నేను.

నేను పుట్టిన తీరు చెప్పాలి, ఎందుకంటే తరవాత నాకు వచ్చిన జబ్బులన్నీ అందులోనే ఉన్నాయి. ముందు అచ్చుకి మైనం పూశారు. దాని మీద రంగు కలిపిన రెజిన్ ఒక పొర వేశారు. దాన్ని జెల్‌కోటు అంటారు, మందం అర మిల్లీమీటరు ఉంటుందేమో. అది గట్టిపడుతుండగా గాజునారల మ్యాట్ పరిచి, రెజిన్‌తో తడిపి, రోలరుతో గాలిబుడగలు పోయేలా నొక్కారు. మళ్లీ మ్యాట్, మళ్లీ రెజిన్. చర్మం ముందు పుట్టి, కండ తరవాత పట్టిన ఒళ్లు నాది. హడావుడిలో ఎక్కడ బుడగ మిగిలిపోయినా, ఎక్కడ నార సరిగా తడవకపోయినా అది పైకి కనబడదు. కొన్నేళ్ల తరవాత నీళ్లు వెతికి పట్టుకుంటాయి.

మా జాతి మరీ పాతది కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో రే గ్రీన్ అనే ఆయన 1942లో పాలియెస్టర్ రెజినూ గాజునారా కలిపి పడవ చేశాడు. మన తీరానికి మేం వచ్చింది ఆ తరవాత చాలాకాలానికి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా నడిపిన బంగాళాఖాతం కార్యక్రమం వాళ్లు 1980లలో కెరటాల మీదుగా నేరుగా ఇసుక మీదికి వచ్చే పడవల్ని గీయించి, మా ఉప్పాడలోనే వాటితో వేట చేయించి చూశారు. రేవు లేని ఊళ్లకు కావలసిన పడవ అది. నా ఒంటి ఆకారంలో ఆ పెద్దల పోలిక ఉంది.

మాకంటే ముందు ఇక్కడ తెప్పలుండేవి. వేట నుంచి రాగానే తాళ్లు విప్పి, దుంగలు వేరుచేసి ఎండలో పెట్టేవారు. నీళ్లు తాగిన చెక్క బరువెక్కుతుందనీ, అలలో చెప్పినమాట వినదనీ మత్స్యకారుడికి తాతల నాటి నుంచీ తెలుసు. నేను వచ్చాక ఆ పని పోయింది. "ఫైబర్‌కి ఏమవుద్దిరా? పుచ్చదు, చెద పట్టదు" అన్నారు. పుచ్చని మాట నిజమే. కాని నీళ్లు నేనూ తాగుతాను. మెల్లగా తాగుతాను కాబట్టి ఎవరికీ తెలియదు.

ఎండ మొదట నా మెరుపు తీసేసింది. చేత్తో రాస్తే సుద్దలా పొడి అంటుకునేది. రోజూ ఇసుక మీదికి లాగడంతో అడుగున జెల్‌కోటు అరిగిపోయి గాజునారలు బయటపడ్డాయి. వల లాగే చోట, ఇంజను బిగించిన చోట సన్నటి పగుళ్లు వచ్చాయి. చివరికి నీటిగీతకు దిగువన పొక్కులు లేచాయి. జెల్‌కోటు దాటి లోపలికి చేరిన నీరు, రెజిన్‌లో సరిగా కలవకుండా మిగిలిన పదార్థాలను కరిగించి పుల్లటి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం ఇంకా నీటిని లాక్కుంటుంది, ఒత్తిడికి చర్మం ఉబ్బుతుంది. మా ఓనరు మేకుతో ఒక పొక్కు గిల్లితే వెనిగర్ వాసన కొట్టింది. "ఇది రంగుతో పోయేది కాదు" అన్నాడాయన. ఆ మాట అన్నరోజే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఆపుతుంది. ఇంజను బోట్లన్నీ ఒడ్డెక్కుతాయి. ఆ రోజులకు ఇచ్చే భృతి 2019లో పదివేలు, 2025లో ఇరవై వేలు అయింది. ఇంట్లో బియ్యం, పిల్లల ఫీజులు పోగా మిగిలినదాంట్లోనే నా రంగు. యార్డుకు పంపే స్తోమత లేదు. ఒడ్డున ఉంచి చేద్దామంటే ఉప్పాడ సముద్రం ఒడ్డుని ఏటా కోసుకుంటూనే ఉంది. అందుకని ట్రాక్టరుకు కట్టి ఇంటి పెరట్లోకి తెచ్చారు. దుంగల మీద నిలబెట్టి, పైన టార్పాలిన్ కట్టారు.

పక్కింటి ముసలాయన వచ్చి చూశాడు. "గీకి రంగేసెయ్యరా అబ్బాయ్, రెండురోజుల పని" అన్నాడు. మా ఓనరు కొడుకు కాకినాడలో ఫైబర్ పని నేర్చుకున్నవాడు. "లేదు తాతా, ముందు కడగాలి" అన్నాడు. గీకకముందే కడగాలని చాలామందికి తెలియదు. ఒంటి మీద ఉప్పు, డీజిలు, చేపనూనె ఉండగా ఎమరీ పేపరు పెడితే అవన్నీ గీతల్లోకి దిగుతాయి, ఆ పైన ఏ రంగూ నిలవదు. సబ్బునీళ్లతో రుద్ది, మంచినీళ్లతో మళ్లీ మళ్లీ కడిగారు. తరవాత థిన్నర్ తడిపిన గుడ్డతో ఒకడు తుడుస్తుంటే, అది ఆరకముందే పొడి గుడ్డతో ఇంకొకడు తుడిచాడు. ఆ గుడ్డే పాత రంగు సంగతీ చెప్పింది. థిన్నర్‌కు కరిగి గుడ్డకు అంటుకుంది కాబట్టి అది మామూలు రంగు. దాని మీద హార్డనర్ కలిపే రంగు వేస్తే ముడతలు పడి లేచిపోతుంది. మొత్తం తీసేయాల్సిందే.

పొక్కులన్నీ విప్పి, మళ్లీ మంచినీళ్లు పోసి ఆ పులుపంతా కడిగారు. ఇక ఆరబెట్టడం. నా బతుకులో మొదటిసారి నన్ను ఆరబెట్టారు. రోజులు గడుస్తున్నాయి, పెరట్లో పనేమీ కనబడదు. వచ్చేపోయే వాళ్లు అడగడం మొదలుపెట్టారు. కుర్రాడు నా అడుగున ఒక ప్లాస్టిక్ షీటు ముక్క పెట్టి, నాలుగువైపులా టేపు వేసి వదిలేశాడు. మర్నాడు షీటు లోపల చెమ్మ పట్టి ఉంది. అంటే నాలో తడి ఇంకా ఉందన్నమాట. మళ్లీ ఆగారు. షీటు పొడిగా వచ్చేదాకా లప్పం డబ్బా మూత తియ్యనివ్వలేదు. రంగు వేసే పనంతటిలోకీ గొప్ప పని ఈ ఆగడమే అని నేను గట్టిగా చెబుతాను.

గుంటలు పూడ్చడానికి ఎపాక్సీ లప్పం వాడారు. పాత పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది, ఎపాక్సీ మీద పాలియెస్టర్ అంతగా పట్టుకోదు. అరిగిన అడుగున కొత్త మ్యాట్ వేశారు. తరవాత గీకుడు. 80 నంబరు పేపరుతో మొదలుపెట్టి 120, 220 దాకా వచ్చారు, చివర్లో నీళ్లు పోస్తూ గీకారు. ఇంటావిడ మాత్రం మొదటిరోజే గొడవపడింది. "ఏమయ్యా, ఆ గాజుపొడి ఇంట్లోకొస్తే పిల్లలు దగ్గరా? మాస్కు లేకుండా పేపరు ముట్టుకున్నావంటే అన్నం పెట్టను" అంది. వంటింటి కిటికీకి గోనెసంచి కట్టింది, పొడంతా తడిపి సంచిలోకి ఎత్తించింది. ఆవిడ అన్నది అక్షరాలా నిజం. ఆ నలుసు చర్మానికి దురద, ఊపిరితిత్తులకు చేటు. రెండు డబ్బాలు కలిపి వేసే పాలీయూరిథేన్ రంగుతో మరీ జాగ్రత్త. దాని హార్డనర్‌లో ఉండే ఐసోసయనేట్లు ఉబ్బసం తెప్పిస్తాయి, గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు. అందుకే ఇంటి దగ్గర స్ప్రే వద్దని, రోలరుతోనే వేశారు. కార్ట్రిడ్జ్ మాస్కు కొని మరీ వేశారు.

ప్రైమరు, ఆ పైన రంగు. పొద్దున్న మంచు ఆరాక మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ఆపేవారు. వేడెక్కిన ఒంటి మీద రంగు పరుచుకోకముందే బిగుస్తుంది. సాయంత్రం సముద్రపు గాలి ఇసుకనూ ఉప్పుతడినీ తెస్తుంది. తండ్రి రోలరుతో పూస్తూ పోతుంటే, కొడుకు వెనకే పొడి బ్రష్షుతో తేలిగ్గా సవరిస్తూ వచ్చాడు. పలచటి పూతలే వేశారు. 2008 ముంబై దాడుల తరవాత ఏ రాష్ట్రపు పడవో దూరం నుంచే పోల్చుకునేలా తీర రాష్ట్రాలకు వేర్వేరు రంగులు నిర్ణయించారు. వాటిలో మా రాష్ట్రపు రంగే వేసి, ఐఎన్‌డి, ఏపీ అని మొదలయ్యే నా నంబరు మళ్లీ రాశారు. రంగు పూర్తిగా గట్టిపడటానికి వారం వదిలేశారు. ఆ తరవాతే ఇంటావిడ పసుపు రాసి, బొట్టు పెట్టి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టింది.

నేను ఇప్పుడు తేలికయ్యాను. ఇంజను అంత కష్టపడటం లేదు. కవ్వలు, కానాగంతలు నిండుగా వేసుకుని వచ్చినా కెరటం మీద మునుపటిలా లేస్తున్నాను. కొత్త బోటు కొనాలంటే అప్పు చేయాలి. దానికంటే నాకు పెద్ద దిగులు ఇంకొకటుంది. తీరం పొడుగునా పారేసిన ఫైబర్ బోట్లు పడున్నాయి. అవి చెక్కలా మట్టిలో కలవవు. కాలిస్తే విషప్పొగ. వదిలేస్తే ఎండకు పొడై, ఆ గాజునలుసు సముద్రంలోకి, చేప కడుపులోకి పోతుంది. మమ్మల్ని తయారుచేయడం వచ్చినంత సులువుగా పారేయడం ఎవరికీ రాలేదు.

అందుకని పాత ఫైబర్ బోటున్న ప్రతి ఇంటికీ నా మనవి. రంగు డబ్బా కంటే ముందు మంచి మాస్కు, ఒక ప్లాస్టిక్ షీటు కొనండి. వేట ఆగిన వారంలోనే బోటుని కడిగి, పొక్కులు విప్పి ఆరబెట్టండి. జూన్ వానలు దగ్గరపడ్డాక మొదలుపెడితే ఆరే వ్యవధి ఉండదు, తడి మీద వేసిన రంగు ఒక్క వేట కాలం కూడా నిలవదు.